చెరువు మీద కట్టిన కాలనీలో ఒక చీకటి నవల: రాయడం ఎలా

డార్క్ అర్బన్ ఫాంటసీ, అంటే ఇప్పటి నగరంలో మాయా భయమూ కలిసి నడిచే కథ, రాద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న "ఏ దెయ్యాన్ని పెట్టాలి?" అని. దెయ్యం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఊరు ఏం దాచిపెట్టిందో వెతకండి. ఆ ఊళ్లో ఎప్పుడో ఒక తప్పు జరిగి ఉండాలి. ఆ తప్పు మీదే జనం ఇళ్లు కట్టుకుని, పిల్లల్ని బడికి పంపుతూ, నెల నెలా ఈఎంఐలు కడుతూ బతుకుతుండాలి. ఆ తప్పు ఒక రాత్రి లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిందనుకోండి, మీకు నవల దొరికినట్టే.

నేను హైదరాబాద్ మనిషిని. మా నాన్న దస్తావేజులు రాసేవారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు, చెట్టు కింద బల్లేసుకుని స్టాంపు పేపర్ల మధ్య కూర్చునేవారు. కాబట్టి నా ఉదాహరణ ఈ ఊరి నుంచి, ఆ బల్ల దగ్గర నుంచే వస్తుంది. విజయవాడ వాళ్లయితే మీ ఊరిని ముంచిన బుడమేరు వాగును తీసుకోండి, 2024 సెప్టెంబరులో అది ఏం చేసిందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పద్ధతి అదే.

ఊరి గాయం దగ్గర మొదలుపెట్టండి

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15,000 మంది పోయారని అంచనా. నది మీది వంతెనల్లో 1578 నాటి పురానాపూల్ నిలబడింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఒక చింతచెట్టు ఉంది, ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

చింతచెట్టు ఎక్కినవాళ్ల కథ అందరూ రాస్తారు. మీరు చెట్టు దాకా చేరలేకపోయిన ఒక్క మనిషిని తీసుకోండి. ఎవరతను, ఏం పని చేసేవాడు, ఆ రోజు అతని చేతిలో ఏముంది? నా నవలలో అతని పేరు యూసుఫ్. నిజాం దఫ్తర్లో భూముల నక్షలు గీసే గుమాస్తా. ఊరి చుట్టూ ఉన్న ప్రతి చెరువు హద్దూ అతనికి నోటికి వచ్చు.

చెరువులు ఎందుకంటే, హైదరాబాద్ చెరువులు చాలావరకు గొలుసుకట్టు. ఒకటి నిండితే మత్తడి (అలుగు) దుంకి నీళ్లు కింది చెరువుకు పోతాయి, అది నిండితే ఇంకో దానికి, ఆఖరుకు మూసీకి. మధ్యలో ఒక చెరువును మట్టి పోసి పూడ్చి ప్లాట్లు కొట్టారనుకోండి. నీళ్లు పాత దారి మరచిపోవు. వచ్చి సెల్లార్లో కూర్చుంటాయి. 2020 అక్టోబరులో వానలు పడ్డప్పుడు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. అప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ నీళ్ల వాసన ఇంకా గుర్తుంటుంది: డ్రైనేజీ, డీజిలు, తడిసిన పరుపులు. మీ నవలలో భయం ఆ వాసనతో రావాలి. పొగమంచు, గబ్బిలాలు మనకొద్దు.

ఒక జాగ్రత్త. నిజమైన కాలనీ పేరు వాడకండి. అక్కడ ఉండేవాళ్లు జీవితకాలం కూడబెట్టిన డబ్బు పెట్టి కొనుక్కున్న మనుషులు. చెరువుకు మీరే ఒక పేరు పెట్టండి, దాని చుట్టూ ఉన్న రోడ్లు, బస్సులు, హోటళ్లు మాత్రం నిజమైనవి ఉంచండి.

మాయకు చట్టం రాయండి

మన జానపదంలో మాయల ఫకీరు అంతటివాడి ప్రాణం కూడా ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఎక్కడుందో తెలిస్తే చిన్న పిల్లవాడైనా వాడిని చంపగలడు. మాయను ఇంతకంటే బాగా నేర్పే పాఠం నాకు తెలియదు: శక్తి ఎంతైనా ఉండనివ్వండి, అది ఎక్కడ ఆగిపోతుందో పాఠకుడికి తెలియాలి. రక్తం తాగేవాళ్లను, తోడేలు మనుషులను తెచ్చుకోవాల్సిన పని లేదు. మన చెరువు కట్టల మీద మైసమ్మ ఉంది. హుస్సేన్‌సాగర్ కింద లోయర్ ట్యాంక్‌బండ్‌లో కట్ట మైసమ్మ గుడికి ఇప్పటికీ జనం వెళ్తారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో కట్ట తెగబోతే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ బలైందని కథ చెప్పుకుంటారు. చెరువును కాపాడాలంటే ఆడదాని ప్రాణం అడిగే కథ అది. చదివితే నాకు కోపం వస్తుంది. నా నవల పుట్టింది ఆ కోపంలోంచే. చెరువు మళ్లీ ఒక ఆడమనిషిని అడిగితే, ఈసారి ఆమె ఏం జవాబిస్తుంది?

నా నవలలో మూడు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, ఆ వరదలో పోయిన యూసుఫ్ ఇప్పుడు కనిపించేది, దారి తప్పి నిలిచిన నీళ్లలోనే. తడి ఉన్నంత మేరే నడవగలడు. రెండు, నీళ్లను కదిలించాలంటే దస్తావేజులో రాసినట్టు నాలుగు హద్దులూ పైకి చదవాలి. మూడు, చదివినప్పుడల్లా చదివిన మనిషి తనకు తెలిసిన ఒక దారిని మరచిపోతుంది. మొదట చిన్నప్పటి బడికి పోయే సందు. తర్వాత అమ్మమ్మ వాళ్ల ఊరికి పోయే బస్సు. తర్వాత తర్వాత మరీ దగ్గరివి.

హద్దులే మంత్రం కావడం నాకు ఊరికే తట్టలేదు. పాత దస్తావేజు ఎప్పుడైనా పైకి చదివి చూడండి. "తూర్పు: చెరువు కట్ట. పడమర: బాట. ఉత్తరం: వాగు. దక్షిణం: ఫలానా వారి పొలం." ఆ తర్వాత నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనే అష్టభోగాలతో ఆచంద్రార్కం పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినదని రాస్తారు. సూర్యచంద్రులున్నంత కాలం అని సంతకం పెట్టిన మాట! ఇంతకు మించిన శాసనం ఏ మంత్రగాడి దగ్గర ఉంటుంది? మీ నవలకు కూడా ఇలాంటిదే వెతకండి, మీ ఇంట్లోనో మీ పనిలోనో ఉంటుంది. నర్సుగా పనిచేసేవాళ్లకు కేస్‌షీట్ ఉంది, రైల్వే వాళ్లకు సిగ్నల్ రిజిస్టర్ ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతబడి, బాణామతి, చిల్లంగి. ఎనభైల్లో వారపత్రికల సీరియళ్లు వీటితో నడిచాయి, ఇప్పటికీ వీటికి పాఠకులున్నారు. కానీ బాణామతి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టిన, పళ్లు పీకిన, చంపిన వార్తలు మన పేపర్లలో ఎన్నోసార్లు చదివాం. వాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. ఊరి చివర గుడిసెలో ఉండే ముసలామెను మీ నవలలో చెడ్డ మంత్రగత్తెగా చేస్తే, ఆమె మీద రాళ్లు వేసేవాళ్లకు ఇంకో రాయి అందించినట్టే. చీకటిని బలమున్నవాళ్ల వైపు పెట్టండి: చెరువులో మట్టి పోయించినవాడు, దానికి కాగితం పుట్టించినవాడు.

హీరోయిన్‌కు చేతులు కడుక్కునే వీలు ఇవ్వకండి

నలుగుతున్న హీరోయిన్ అంటే చాలామంది ఆమెను రెండు మనసుల మధ్య ఊగిస్తారు. పేజీలకు పేజీలు బాధపడుతుంది, కిటికీలోంచి చూస్తుంది, నిర్ణయం తీసుకోదు. పాఠకుడికి విసుగొస్తుంది. నలుగుబాటు ఆలోచనలో ఉంటే సరిపోదు. ఆమె చేసిన పనిలో ఉండాలి, చేయాల్సిన పనిలో ఉండాలి.

నా హీరోయిన్ స్వరూప నీరటివాళ్ల ఇంటి పిల్ల. నీరటి అంటే ఊరి చెరువు తూము ఎత్తి, దించి, ఎవరి పొలానికి ఎన్ని నీళ్లో పంచే మనిషి. తాత దాకా వాళ్ల పని అదే. చెరువు పోయాక తండ్రి వాచ్‌మన్ అయ్యాడు. స్వరూప డిగ్రీ చదివి డాక్యుమెంట్ రైటర్ దగ్గర కంప్యూటర్ మీద దస్తావేజులు టైప్ చేస్తోంది. చెరువు శిఖం భూమిని, అంటే నీళ్లు నిలిచే నేలను, ప్లాట్లుగా అమ్మినప్పుడు ఆ కాగితాలు టైప్ చేసింది ఆమే. హద్దుల్లో "చెరువు కట్ట" అని ఉన్నచోట "30 అడుగుల రోడ్డు" అని మార్చమన్నారు, మార్చింది. జీతం పెరిగింది. తమ్ముడు శ్రీను అప్పు చేసి అక్కడే ఒక ప్లాటు కొన్నాడు, ఇల్లు కట్టాడు. వాడి కూతురు ఆ ఇంట్లోనే పుట్టింది.

ఇప్పుడు ముడి వేయండి. చెరువును తిరిగి తెరిస్తే తమ్ముడి ఇల్లు పోతుంది. తెరవకపోతే వచ్చే వానకు కాలనీ మునుగుతుంది, ముందు పోయేది సెల్లార్ గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం. అంటే, ఒకప్పుడు తన తండ్రి ఉన్న చోటు. ఇక ఆమె ప్రేమించే యూసుఫ్. నీళ్లు దారి తప్పి నిలిచినంత కాలమే అతనుంటాడు. చెరువుకు ప్రాణమొస్తే అతను పోతాడు.

గమనించండి, స్వరూప ప్రేమించేవన్నీ ఆ ఒక్క తప్పు మీదే నిలబడి ఉన్నాయి. తమ్ముడి ఇల్లు, తన జీతం, తన ప్రేమ, మూడూ. నా మట్టుకు ఈ రకం నవలకు పునాది ఇదే. ప్రేమకథను ఒక పక్కన, భయాన్ని ఒక పక్కన నడిపిస్తే పాఠకుడు ఒకదాన్ని దాటేసి ఇంకోదాన్ని చదువుతాడు. రెండింటినీ ఒకే చోట కట్టేయండి. మీ కథకు ఈ పరీక్ష పెట్టండి: హీరోయిన్ న్యాయం చేస్తే ఆమెకు ఏం పోతుంది? జవాబులో ఆమె ప్రేమ లేకపోతే ముడి ఇంకా బిగియలేదు.

ప్రేమను ముట్టుకోనివ్వకండి, కనీసం సగం నవల దాకా

ఒక చిన్న సన్నివేశం చూపిస్తాను.

సెల్లార్లో మోకాలి లోతు నీళ్లు. మోటారు ఆగిపోయింది. స్వరూప రెండో మెట్టు మీద నిలబడి ఫోన్ లైటు వేసింది.

"లైటు ఆపండి. పైన ఎవరైనా చూస్తారు," అన్నాడు యూసుఫ్.

ఆపింది. "మీరు మెట్లెక్కి రావచ్చు కదా."

"తడి ఉన్నంత దాకే రాగలను."

వానలో తడిసిన ఆమె చున్నీ కొస నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక్కో చుక్కా మెట్టు మీద పడి, అంచు దాకా పాకి, కింది మెట్టు మీదికి జారుతోంది. ఇద్దరూ ఆ చుక్కల్నే చూస్తున్నారు.

చున్నీని రెండు చేతులతో పట్టుకుంది. పిండలేదు.

ఇందులో ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. ప్రేమిస్తున్నానని అనలేదు. కానీ ఆమె ఒక పని చేయగలిగి కూడా చేయలేదు. మాయకు రాసుకున్న మొదటి నియమం ఇక్కడ ప్రేమకు పనికొచ్చింది. టెన్షన్ ఎప్పుడూ ఇలాంటి చిన్న నిర్ణయంలో ఉంటుంది. "ఆమె గుండె వేగంగా కొట్టుకుంది" అని రాసే ప్రతిచోటా ఆగి, ఆమె చేతులు ఏం చేస్తున్నాయో రాయండి.

మనకు ఇంకో వరం ఉంది: మీరు, నువ్వు. వీళ్లిద్దరూ చాలాకాలం "మీరు" అనుకుంటారు. మామూలుగా రచయితలు మొదటి "నువ్వు"ను ముద్దు దగ్గర పెడతారు. నేను తగాదాలో పెడతాను. వాచ్‌మన్ కొడుకు నీళ్లలో జారిపడ్డ రాత్రి, పిల్లవాడు పడతాడని యూసుఫ్‌కు ముందే తెలుసని స్వరూపకు అర్థమవుతుంది. "నువ్వు చూస్తూ నిలబడ్డవా?" అంటుంది. ఆ మాటతో వాళ్ల మధ్య దూరం పోతుంది, నమ్మకం కూడా పోతుంది. అక్కడి నుంచి మళ్లీ "మీరు"కు వెళ్లడం కుదరదు. రెండింటి బరువూ పాఠకుడికి తెలుసు, మీరు వివరించక్కర్లేదు.

డార్క్ రొమాన్స్ పేరుతో బలవంతాన్ని ప్రేమగా చూపించే కథలు చాలా వస్తున్నాయి. గోడకు నొక్కి పట్టుకోవడం, వద్దంటే వినకపోవడం, వెంట పడి బెదిరించడం. నేను రాయను, మీరూ రాయొద్దని అడుగుతున్నాను. యూసుఫ్ ప్రమాదకరమైన మనిషే. అతను ఉండాలంటే ఎవరో ఒకరి ఇల్లు మునగాలి. ఆ ప్రమాదం చాలు. ఆమె వద్దంటే అతను ఆగుతాడు, ఆగినందుకే ఆమెకు ఇంకా కష్టం.

వానాకాలాన్ని గడియారంగా పెట్టుకోండి

అధ్యాయాలు ఎలా పంచాలో తెలియకపోతే కార్తెలను నమ్ముకోండి. జూన్‌లో మృగశిరతో మొదలు, సెల్లార్లో మొదటిసారి చెమ్మ. ఆషాఢంలో బోనాలు: గోల్కొండ, తర్వాత లష్కర్ (సికింద్రాబాద్), తర్వాత లాల్‌దర్వాజ. సికింద్రాబాద్ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం ఉంటుంది, పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతారు. దాన్ని నవలలో పెడితే భక్తిగా పెట్టండి, భయపెట్టడానికి వాడకండి. జనానికి అది అమ్మతో మాట్లాడే రోజు. సెప్టెంబరు ఆఖరుకు హస్త కార్తె, 28వ తేదీ యూసుఫ్ పోయిన రోజు. అక్టోబరు రెండో వారానికి చిత్త, పెద్ద వాన. క్లైమాక్సు తేదీ ముందే తెలిసిపోతుంది కాబట్టి ప్రతి మబ్బూ మీ పని చేసిపెడుతుంది.

సీరియల్‌గా పెట్టేవాళ్లు ప్రతి భాగం చివరా అరుపుతో ఆపకండి. ఒక భాగాన్ని అరుపుతో ఆపితే, తర్వాతి దాన్ని ఒక కాగితంతో ఆపండి. స్వరూప పాత ఫైలు తెరుస్తుంది, శ్రీను ప్లాటు హద్దుల్లో తన టైపింగ్ తప్పు కనిపిస్తుంది, అంతే. పాఠకులు ఆ రెండోదానికే ఎక్కువగా మళ్లీ వస్తారని నా అనుభవం.

భాష సంగతి. కథనం మామూలు తెలుగులో ఉంచి, మాటలు ఎవరివి వాళ్లకివ్వండి. స్వరూప "నీళ్లొచ్చినయ్", "ఎటు పోవాలె" అంటుంది. ఆఫీసులో అదే స్వరూప "సార్, ప్రింట్ తీసేశాను" అంటుంది. యూసుఫ్ తెలుగులో దఫ్తర్, నక్ష, మొహల్లా లాంటి మాటలు వస్తాయి, ఫోన్, సెల్లార్ రావు. "ఇంటి కింద ఇల్లెందుకు?" అని అడుగుతాడు.

నడవండి, అడగండి, ఆ తర్వాతే రాయండి

పురానాపూల్ మీద నిలబడి నది ఎంత వెడల్పుందో కళ్లతో చూడండి. ఉస్మానియా చింతచెట్టు దగ్గరికి వెళ్లండి. వానాకాలంలో మీ కాలనీ వాచ్‌మన్‌ను అడగండి, నీళ్లు మొదట ఏ మూల నుంచి వస్తాయో అతనికి తెలుసు. అడిగేటప్పుడు కథ కోసమని చెప్పి అడగండి. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో చూపే మ్యాపులు, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో పెట్టింది, వాటిని ఇప్పటి ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టుకుని చూస్తే కథ దానంతటదే కనిపిస్తుంది. వరద తర్వాతి సంవత్సరాల్లో లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని సర్వే చేసి గీసిన మ్యాపులు కూడా ఉన్నాయి. అవి యూసుఫ్ పోయాక గీసినవి. అతను నోటితో చెప్పే హద్దుకు, ఆ మ్యాపులోని హద్దుకు నా నవలలో ఒక్కచోట తేడా వస్తుంది. కథలో మలుపు అక్కడే పెట్టాను.

ముగింపు గురించి. చివర్లో స్వరూప చెరువు హద్దులు చదువుతుంది, అవి ఆమెకు చెప్పేది యూసుఫే. ఒక్కో దిక్కు పూర్తయ్యే కొద్దీ అతను మసకబారుతాడు. శ్రీను బయట తలుపు బాదుతుంటాడు. నాలుగో దిక్కుతో ఆమె తన ఇంటి దారి మరచిపోతుంది. ఆ దారిని ఆమెకు తిరిగి ఇవ్వొద్దు. యూసుఫ్‌ను చివరి పేజీలో మనిషిగా బతికించొద్దు. పాఠకులు అడుగుతారు, బతిమాలుతారు, కోపం తెచ్చుకుంటారు. ధర వెనక్కి ఇచ్చేస్తే మొదటి పేజీ నుంచి మీరు చెప్పినదంతా అబద్ధమవుతుంది. అలాగని ఆమెను చంపకండి కూడా. ముసలమ్మ కథకు జవాబుగా మొదలుపెట్టాం కదా, ఈసారి ఆడమనిషి బతకాలి. తమ్ముడు ఆమెతో మాట్లాడతాడా లేదా అన్నది మీరు తేల్చుకోండి. నేను మాట్లాడించాను, కానీ "అక్కా" అని పిలిపించలేదు.

రాయడం అయ్యాక ప్రతిని ఇద్దరికి ఇవ్వండి. ఒకరు ఈ రకం నవలలు బాగా చదివేవాళ్లు, వాళ్లు నియమాల్లో కంతలు పట్టుకుంటారు. ఇంకొకరు నీళ్లలో ఇల్లు మునిగినవాళ్లు. వాళ్లు ఎక్కడ ఆగి "ఇట్ల ఉండదు" అన్నారో ఆ పేజీలను మొదట తిరగరాయండి.